ఎంత కడిగినా పోని అక్వేరియం పాచి: తరచుగా అడిగే ప్రశ్నలు

మా హాల్లో ఉన్నది రెండడుగుల ట్యాంకు. అంచుదాకా నింపితే 55 లీటర్లు పడుతుంది, ఇసుకా రాళ్ళూ పోను 45 అనుకోండి. ఏడేళ్ళుగా నడుస్తోంది, ఈ ఏడేళ్ళలో దానికి పట్టని పాచి లేదు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ కదా, పక్క ఫ్లాట్ల వాళ్ళు, ఆఫీసు వాళ్ళు, చుట్టాలు, అందరూ ఫోన్లో ఫొటో పంపి "ఇదేంటండీ, ఎలా పోతుంది?" అని అడుగుతూనే ఉంటారు. చెప్పిందే చెప్పీ చెప్పీ విసుగొచ్చి అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఇదంతా మంచినీటి ట్యాంకుల సంగతే.

ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, రాళ్ళు ఎండబెట్టి, అన్నీ రుద్ది రుద్ది కడిగాను. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చేసింది. ఏం తప్పు చేశాను?

మొత్తం కడగడమే తప్పు. ఫిల్టర్ స్పాంజిలో, ఇసుకలో, రాళ్ళ మీద మంచి బ్యాక్టీరియా ఉంటుంది. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చేది అదే. దాన్ని కుళాయి కింద కడిగేసుకుంటే ఏడాది పాతబడ్డ ట్యాంకు కాస్తా మళ్ళీ మొదటిరోజు ట్యాంకు అయిపోతుంది, కొత్త ట్యాంకుకి పాచి పట్టడం ఎంత తేలికో చెప్పక్కర్లేదు. పోనీ అంత కష్టపడి కడిగారు, పాచి రావడానికి కారణమైన లైటు మార్చారా? మేత తగ్గించారా? అవి అలాగే ఉన్నాయి కదా. ఇంట్లో బియ్యం డబ్బా మూత తీసిపెట్టి, రోజూ చీమల్ని ఊడ్చుకుంటూ కూర్చున్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

అసలు పాచి ఎందుకు వస్తుంది?

వెలుతురు, తిండి. రెండూ అవసరానికి మించి ఉండి, వాటిని వాడుకునే మొక్కలు ట్యాంకులో సరిపడా లేకపోతే ఆ మిగులుని పాచి తింటుంది. తిండి అంటే నైట్రేట్, ఫాస్ఫేట్ లాంటివి, చేపల మేత నుంచీ పెంట నుంచీ కుళ్ళిన ఆకుల నుంచీ వచ్చేవి. పాచి విత్తనం ఎక్కణ్ణుంచి వచ్చిందని వెతక్కండి, అది ప్రతి మొక్క మీదా ప్రతి చేప సంచిలోనూ వస్తుంది.

మా ట్యాంకులో ఉన్నది ఏ పాచో ఎలా తెలుసుకోవాలి?

ఫొటో కన్నా వేలే నయం. చెయ్యి కడుక్కుని, సబ్బు వాసన లేకుండా చూసుకుని, లోపల పెట్టి ముట్టుకోండి.

గోధుమరంగు దుమ్ములా ఉండి, వేలితో రాస్తే ఇట్టే లేచిపోతే అది డయాటమ్. ట్యాంకు పెట్టిన మొదటి రెండు మూడు నెలల్లో దాదాపు అందరికీ వస్తుంది, నీటిలో, కొత్త ఇసుకలో ఉండే సిలికేట్‌ని వాడుకుంటుంది, తర్వాత దానంతటదే తగ్గుతుంది. దీనికోసం టెన్షన్ పడి మందులు కొనేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. గాజు మీద ఆకుపచ్చ చుక్కలు, గోరుతో గీకినా రానంత గట్టిగా ఉంటే గ్రీన్ స్పాట్. దానికి లైటు ఎక్కువవడం, ఫాస్ఫేట్ మరీ తక్కువవడం కారణాలు, గాజు ట్యాంకైతే బ్లేడుతో గీకితే వస్తుంది, అక్రిలిక్ ట్యాంకు మీద మాత్రం బ్లేడు పెట్టొద్దు, గీతలు జన్మలో పోవు. దువ్వెనకి చుట్టుకున్న వెంట్రుకల్లా పొడుగ్గా, పచ్చగా ఉంటే దారం పాచి, పాత టూత్‌బ్రష్ పెట్టి సేమ్యా తిప్పినట్టు తిప్పితే ముద్దలా చుట్టుకుని వచ్చేస్తుంది. ఆకుల అంచున, ఫిల్టర్ మూతి దగ్గర నల్లగా, పొట్టిగా, కుచ్చులు కుచ్చులుగా ఉండి లాగినా ఊడకపోతే అది బ్లాక్ బియర్డ్, అందరికంటే మొండిది. చాపలా పరుచుకుని, నీలం కలిసిన ముదురాకుపచ్చ రంగులో, పైకెత్తితే పొరలు పొరలుగా లేచి, మురుగు వాసన కొడితే అది పాచి కాదు, సయనోబాక్టీరియా. నీళ్ళే పచ్చగా అయిపోయి చేపలు కనబడకపోతే గ్రీన్ వాటర్. చివరి మూడింటి గురించి కింద విడిగా రాశాను, ఎందుకంటే ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనికిరాదు.

లైటు రోజుకి ఎన్ని గంటలు?

ఆరు. మొక్కలు బాగా ఎదుగుతుంటే ఎనిమిది దాకా పోవచ్చు. పొద్దున్న లేవగానే వేసి రాత్రి పడుకునేటప్పుడు ఆపేవాళ్ళు ఉన్నారు, అంటే పదిహేను గంటలు, దానికి పాచి రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. మనం గుర్తుపెట్టుకుని ఆపుతాం అనేది కుదరని పని, ప్లగ్గులో పెట్టే టైమర్ ఒకటి కొనండి. సాయంత్రం నాలుగు నుంచి పది వరకు పెట్టుకుంటే మీరు ఇంట్లో ఉన్నప్పుడే వెలుగుతుంది. ఒక్క చిక్కు ఏంటంటే, ముల్లు తిరిగే టైమర్ కరెంటు పోయినప్పుడు ఆగిపోతుంది, ఎండాకాలంలో కోతలు మొదలయ్యాక వారానికోసారి టైము సరిచూసుకోవాలి. నేను చూసుకోక ఒకసారి మా లైటు అర్ధరాత్రి వెలగడం మొదలుపెట్టింది, అమ్మ హాల్లో ఎవరో తిరుగుతున్నారని భయపడింది.

కిటికీ పక్కన పెట్టిన ట్యాంకుకి ఈ లెక్కలేవీ పనిచెయ్యవు. గంటసేపు నేరుగా పడే ఎండ ముందు మీ ఎల్ఈడీ ఏ మూలకీ రాదు. ట్యాంకు జరపలేకపోతే వెనక గాజుకి నల్ల చార్ట్ అంటించండి, కర్టెన్ వెయ్యండి.

మేత తక్కువే వేస్తున్నాం కదా, అయినా ఎందుకొస్తోంది?

నేనూ ఇదే అన్నాను. పొద్దున ఆఫీసుకి వెళ్ళేముందు చిటికెడు వేసేవాణ్ణి, అంతే. మరి నైట్రేట్ టెస్టు చేస్తే గొట్టంలో నీళ్ళు ఎర్రగా తిరిగేవి, అంటే నైట్రేట్ బాగా ఎక్కువని. ఒక ఆదివారం ఇంట్లోనే ఉండి గమనిస్తే అసలు విషయం తెలిసింది. తొమ్మిదింటికి అమ్మ పూజ ముగించుకుని "మూగజీవాలు, ఎదురు చూస్తున్నాయి" అంటూ ఒక చెంచా వేసింది. సాయంత్రం మావాడు ట్యూషన్ నుంచి వచ్చి ఇంకో గుప్పెడు. చేపల సంగతి తెలుసుగా, ఎన్నిసార్లు వేసినా వారం రోజులు పస్తున్నట్టే మొహం పెడతాయి. మిగిలిన గింజలన్నీ రాళ్ళ సందుల్లో ఉబ్బి, తెల్లటి బూజు పట్టి ఉన్నాయి.

అప్పుడు చేసిన పని: మందుల షాపులో దొరికే వారం రోజుల టాబ్లెట్ల డబ్బా తెచ్చి, ఒక్కో గదిలో ఆ రోజు మేత పోసి పెట్టాను. ఎవరైనా వెయ్యొచ్చు, గది ఖాళీ అయితే ఆ రోజుకి అయిపోయినట్టే. అమ్మకి పొద్దున డ్యూటీ ఇచ్చేశాను, ఎవరి మనసూ నొప్పించలేదు. ఆదివారం గది ఖాళీగా వదిలేస్తాను, పెద్ద చేపలకి వారంలో ఒకరోజు ఉపవాసం ఏమీ చెయ్యదు. మా ట్యాంకులో పాచి తగ్గడానికి సగం కారణం ఈ డబ్బానే, అన్ని ఖర్చుల్లోకీ చవక కూడా ఇదే.

నీళ్ళు ఎంత మార్చాలి, ఏ నీళ్ళు పొయ్యాలి?

వారానికి పావు వంతు, పాచి బాగా ఉన్నప్పుడు మూడో వంతు. పైపైన మగ్గుతో తోడి పొయ్యడం కాదు, సైఫన్ పైపుతో రాళ్ళ అడుగున ఉన్న చెత్త లాగాలి.

కుళాయిలో వచ్చేది కృష్ణా నీళ్ళైనా మంజీర నీళ్ళైనా క్లోరిన్ ఉంటుంది, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి పొయ్యండి, లేదా మూత లేకుండా ఒక రోజు బకెట్లో ఉంచండి. బోరు నీళ్ళైతే క్లోరిన్ గొడవ లేదు కానీ ఇంకో గొడవ ఉంది. చాలా చోట్ల బోరు నీళ్ళలోనే నైట్రేట్ ఉంటుంది. మన దేశంలో తాగేనీటికి పెట్టిన హద్దే లీటరుకి 45 మిల్లీగ్రాములు, మొక్కలున్న ట్యాంకులో మనం కోరుకునేది 10, 20 మధ్య. మీ బోరు నీళ్ళలోనే అరవై ఉంటే ఎన్ని నీళ్ళు మార్చినా పాచికి కొత్తగా వడ్డించినట్టే. అందుకే ట్యాంకు నీళ్ళకి ముందు మీ బకెట్లో నీళ్ళకి టెస్టు చెయ్యండి.

ఇంకో మాట, ఆర్వో ఫిల్టర్ నుంచి పక్కకి పోయే నీళ్ళు వృథా చెయ్యడం ఇష్టం లేక ట్యాంకులో పోసేవాళ్ళున్నారు. ఆలోచన మంచిదే, నీళ్ళు మంచివి కావు. లవణాలు, నైట్రేట్ చిక్కబడి బయటికొచ్చేది అందులోనే. ఇల్లు తుడుచుకోండి దాంతో.

గాజు మీద నీటి అంచున తెల్లటి గీత ఉంది, ఇది ఏ పాచి?

పాచి కాదు, నీళ్ళలోని లవణాల గార. నీళ్ళు దించి, గుడ్డని వెనిగర్‌లో ముంచి తుడవండి, లోపలికి కారనివ్వకండి.

ఒక సక్కర్ ఫిష్ వేస్తే మొత్తం తినేస్తుందని షాపులో చెప్పారు. వెయ్యొచ్చా?

వెయ్యకండి. ఈ ఒక్క ప్రశ్నకి నాకు కోపం వస్తుంది, షాపుల మీద. రెండంగుళాల పిల్లని చూపించి అమ్ముతారు, అది అడుగు దాటి పెరుగుతుంది, రెండడుగుల ట్యాంకులో వెనక్కి తిరగడానికి కూడా చోటు చాలదు. చిన్నప్పుడు కాస్త పాచి గీకుతుంది, పెద్దయ్యాక మీరు వేసే మేతే దానికి హాయి. పైగా అది వేసే పెంట చూస్తే తెలుస్తుంది, గాజు మీద తిన్న పాచికి రెట్టింపు పాచి పెరగడానికి సరిపోయే ఎరువు అడుగున తోరణాల్లా వేలాడదీస్తుంది.

తర్వాత ఏం చేస్తారు? చంపడానికి చేతులు రాక సంచిలో వేసుకెళ్ళి చెరువులో వదిలేస్తారు. దక్షిణ అమెరికా చేప అది, ఒళ్ళంతా పలకలు, ముళ్ళు. ఇప్పుడు కృష్ణలో, మన చెరువుల్లో పడి పెరిగి జాలర్ల వలలు చింపేస్తోంది, వాళ్ళు దాన్ని దెయ్యం చేప అని ఊరికే అనట్లేదు. నీటిలోని డీఎన్ఏ ఆనవాళ్ళని బట్టి ఇది ఎక్కడెక్కడికి పాకిందో కనిపెట్టే పద్ధతిని హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేశారంటే సమస్య ఎంత దూరం వెళ్ళిందో చూడండి. ఇప్పటికే మీ దగ్గర ఉంటే షాపుకి తిరిగి ఇవ్వండి, పెద్ద ట్యాంకు ఉన్నవాళ్ళకి ఇవ్వండి, చెరువులోకి మాత్రం వద్దు.

మరి పాచి తినేవి ఏవీ లేవా?

ఉన్నాయి, కానీ అవి ఊడ్చేవాళ్ళే, వైద్యులు కారు. నెరైట్ నత్తలు గాజు మీద పాచికి నంబర్ వన్, మంచినీళ్ళలో పిల్లలు బతకవు కాబట్టి లెక్క పెరిగిపోదు, కాకపోతే చెక్క మీద నువ్వుగింజల్లా తెల్లటి గుడ్లు అంటించి పెడతాయి, అవి గీకడం ఒక పని. దారం పాచికి అమానో రొయ్యలు. జపాన్‌లో మొక్కల ట్యాంకులకి పేరు తెచ్చిన తకాషి అమానో 1980లలో వీటిని పాచి కోసం వాడి చూపించాక ఆయన పేరే స్థిరపడింది. మన దగ్గర ధర ఎక్కువ, చెర్రీ రొయ్యలు చవక, పని కొంచెం తక్కువ. గోల్డ్ ఫిష్ ఉన్న ట్యాంకులో ఏ రొయ్య వేసినా టిఫిన్ పెట్టినట్టే. డయాటమ్‌కి ఓటో చేపలు బాగుంటాయి కానీ కొత్త ట్యాంకులో వేస్తే బతకవు, విచిత్రంగా డయాటమ్ వచ్చేదీ కొత్త ట్యాంకులోనే.

"ఆల్గీ ఈటర్" అని అమ్మేవాటితో జాగ్రత్త. సయామీస్ వేరు, చైనీస్ వేరు. సయామీస్‌కి పక్కన నల్లటి చార తోక చివరిదాకా పోతుంది, అది బ్లాక్ బియర్డ్ కూడా తింటుంది. చైనీస్ పెరిగే కొద్దీ పాచి మానేసి, బద్ధకంగా తిరిగే చేపల ఒంటి మీద జిగురు పీల్చడం మొదలుపెడుతుంది.

బ్లాక్ బియర్డ్ ఏం చేసినా పోవట్లేదు. ఉపాయం చెప్పండి.

ముందు కత్తెర. బాగా పట్టిన ఆకులు పాత ఆకులే అయి ఉంటాయి, కోసి పారెయ్యండి, ఆకు మీద నుంచి దాన్ని గీకుదాం అనుకుంటే ఆకే చిరుగుతుంది. రాళ్ళు, చెక్కలు బయటికి తీయగలిగితే తీసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ చల్లి ఐదు నిమిషాలుంచి, కడిగి పెట్టండి. తీయలేని చోటికి సిరంజి. ఫిల్టర్ ఆపి, నీళ్ళు కదలకుండా అయ్యాక, సిరంజి మూతి కుచ్చుకి ఆనించి మెల్లిగా వదలాలి, బుడగలు లేస్తాయి. పది నిమిషాల తర్వాత ఫిల్టర్ ఆన్. రెండు మూడు రోజుల్లో నల్ల కుచ్చు గులాబీ రంగులోకి తిరుగుతుంది, ఎందుకంటే ఇది నిజానికి ఎర్ర నాచుల జాతిది, పై రంగు చచ్చాక లోపలి ఎరుపు బయటపడుతుంది. ఆ తర్వాత తెల్లబడి రాలుతుంది, అప్పుడు రొయ్యలు కూడా తింటాయి.

మోతాదు దగ్గరే నేను దెబ్బతిన్నాను. మూడు శాతం ద్రావణమైతే నాలుగు లీటర్ల నీటికి ఒక మిల్లీలీటరు, నా 45 లీటర్లకి పదకొండు. ఎక్కువేస్తే త్వరగా పోతుంది కదా అని ఇరవై వేశాను. అదొక తప్పు. సీసా మీద చిన్న అక్షరాల్లో 6 శాతం, 20 వాల్యూమ్ అని ఉంది, మన మందుల షాపుల్లో పుండ్లు కడగడానికి ఇచ్చేది సాధారణంగా ఇదే, నేను చూసుకోలేదు. అది రెండో తప్పు. అంటే వెయ్యాల్సినదానికి దాదాపు నాలుగింతలు పడింది. పొద్దున లేచేసరికి పద్నాలుగు రొయ్యలు ఉడికించినట్టు ఎర్రగా అడుగున పడున్నాయి, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే. మీది ఆరు శాతమైతే సమానంగా నీళ్ళు కలిపి మూడు చేసుకున్నాకే సిరంజిలోకి తీసుకోండి. ఒకరోజు ఒక మూల, రెండు రోజులాగి ఇంకో మూల.

లిక్విడ్ కార్బన్ పేరుతో అమ్మేది కూడా పనిచేస్తుంది, అందులో ఉండేది గ్లూటరాల్డిహైడ్, ఆసుపత్రుల్లో పరికరాల మీద క్రిములు చంపడానికి వాడేది. చేతికి తొడుగు వేసుకోండి. వాలిస్నేరియా మొక్కలుంటే అవి కరిగిపోతాయి.

ఇదంతా చేసి ఫిల్టర్‌లో ఆర్నెల్ల బురద అలాగే ఉంచితే మళ్ళీ వస్తుంది. మొక్కల కోసం సిలిండర్‌తో కార్బన్ డయాక్సైడ్ ఇచ్చేవాళ్ళు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ కాకుండా చూసుకోండి, ఈ పాచికి ఆ హెచ్చుతగ్గులే పండగ.

నీళ్ళు పచ్చ రసంలా అయ్యాయి. రోజూ సగం మారుస్తున్నా తగ్గట్లేదు.

తగ్గదు. మిగిలిన సగంలో ఉన్న ఏకకణ నాచు, కొత్త నీళ్ళు పడగానే రెండు రోజుల్లో మళ్ళీ నిండిపోతుంది. యూవీ లైటు ఉన్న ఫిల్టర్ పెడితే వారంలోపు అద్దంలా అవుతుంది, ఇది మాత్రం నిజంగా పనిచేసే వస్తువు, స్నేహితుల్లో ఒకరు కొనుక్కుని అందరూ వాడుకోవచ్చు. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే చీకటి వైద్యం: మూడో వంతు నీళ్ళు మార్చి, ట్యాంకుకి దుప్పటి కప్పి, మూడు నాలుగు రోజులు లైటూ మేతా రెండూ బంద్. మధ్యలో తొంగి చూడొద్దు. ఎయిర్ పంపు మాత్రం ఇరవైనాలుగు గంటలూ ఆడాలి.

ఎయిర్ పంపు ఎందుకో భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువులున్న వాళ్ళని అడగండి. నీళ్ళు మరీ పచ్చబడితే రాత్రిళ్ళు ఆ నాచే ఆక్సిజన్ లాగేసుకుంటుంది, తెల్లారుజామున చేపలు తేలతాయి, అందుకే వాళ్ళు ఏరేటర్లు వేసుకుని కాపలా కాస్తారు. మన గాజుపెట్టెలో జరిగేదీ అదే, ఇంకా నాచు చస్తున్నప్పుడు ఎక్కువ.

పటిక వేస్తే తేరుకోదా అని మా పెద్దమ్మ అడిగింది. తాగే బురదనీళ్ళకి సరే, చేపలున్న నీళ్ళలో పటిక ఆమ్లతత్వం పెంచుతుంది. వద్దు.

నీలం కలిసిన ఆకుపచ్చ పొరకి?

ఎంత వస్తే అంత పైపుతో లాగెయ్యండి, ముద్దలు ముద్దలుగా హాయిగా వస్తుంది. తర్వాత మూడు రోజుల చీకటి. నీళ్ళు కదలని మూలల్లో వస్తుంది కాబట్టి ఫిల్టర్ మూతి అటు తిప్పండి. నైట్రేట్ సున్నా ఉన్న మొక్కల ట్యాంకుల్లో కూడా ఇది వస్తుంది, అప్పుడు నీళ్ళు మార్చడం కాదు, కాస్త ఎరువు వెయ్యాలి. ఎరిత్రోమైసిన్ వేస్తే పోతుందని చెప్తారు, నిజమే, బ్యాక్టీరియా కాబట్టి పోతుంది. కానీ ఆ యాంటీబయాటిక్ నీళ్ళు చివరికి మన డ్రైనేజీలోకే పోతాయి, మందులకి లొంగని క్రిములతో మనకి ఇప్పటికే ఉన్న తలనొప్పి చాలు. నేనైతే ఇప్పటిదాకా వాడలేదు.

షాపులో ఆల్గీ కిల్లర్ సీసా ఇచ్చారు, నీలం మందూ ఇచ్చారు, ఉప్పు వెయ్యమన్నారు.

సీసా మీద రాగి ఉందేమో చదవండి, రాగి ఉంటే నత్తలూ రొయ్యలూ గోవిందా. నీలం మందు మిథిలిన్ బ్లూ, చేపల జబ్బులకి వాడేది, ట్యాంకు అంచున సిలికాన్‌కి అంటితే మరక పోదు. ఉప్పు పాచిని చంపేంత వేస్తే ముందు మొక్కలు పోతాయి.

మొక్కలు పెంచడం రాదు. ఏదైనా తేలిక దారి?

మనీ ప్లాంట్. కుండీలోంచి నాలుగు కొమ్మలు తుంచి, వేర్లు నీళ్ళలో, ఆకులు బయట ఉండేలా ట్యాంకు వెనక అంచుకి తగిలించండి. బయటి గాలి తింటుంది, లోపలి నైట్రేట్ తాగుతుంది, వేర్లు జానెడు దిగాక తేడా మీకే తెలుస్తుంది. ఆకులు మాత్రం లోపల మునగనివ్వకండి, గోల్డ్ ఫిష్ వేర్లు కొరుకుతుంటే చుట్టూ నెట్ కట్టండి. లోపల పెట్టేదే కావాలంటే హార్న్‌వర్ట్, పాతక్కర్లేదు, పడేస్తే పెరుగుతుంది.

ఫిల్టర్ కడగొద్దంటున్నారా?

కడగాలి, ట్యాంకులోంచి తీసిన నీళ్ళలో. బకెట్లో ఆ నీళ్ళు పట్టి స్పాంజిని నాలుగుసార్లు పిండితే చాలు. తెల్లగా మెరవాల్సిన పని లేదు.

ఇవన్నీ చేస్తే ఎన్నాళ్ళకి పోతుంది?

నెల. ఒక్కోసారి రెండు. ఇక్కడే చాలామంది పట్టు వదిలేస్తారు, వారం చూసి లైటు మారుస్తారు, ఇంకో వారం చూసి మందు మారుస్తారు, ఆఖరికి ఏది పనిచేసిందో ఏది చెడగొట్టిందో తెలియదు. ఒకటి మార్చి మూడు వారాలు ఆగండి. పాత పాచి మాయమైందా లేదా అని కాదు, కొత్త ఆకు శుభ్రంగా వస్తోందా లేదా చూడండి, కొత్త ఆకు బాగుంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే. నేను ప్రతి ఆదివారం ఒకే చోట నిలబడి ఒక ఫొటో తీసుకుంటాను, రోజూ చూసే కంటికి తేడా తెలియదు.

కొంచెం ఉంటే పర్లేదా?

పర్లేదు. చేపలకి కొంచెం పాచి వల్ల హాని లేదు, మన కంటికే. మా ట్యాంకులో ముందు గాజు మాత్రం శుక్రవారం శుక్రవారం గీకుతాను, వెనక గాజు గీకడం మానేసి మూడేళ్ళయింది, పచ్చటి ముఖమల్ గుడ్డ పరిచినట్టు ఉంటుంది, కొత్తగా తెచ్చిన రొయ్యలు రోజంతా అక్కడే మేస్తుంటాయి.